విచారణా? పరామర్శా? – మూడు శరణార్థి కథనాలు

‘విచారణ’ అనే మాట తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నా, రెండు భాషల్లో దాని నడక ఒకటి కాదు. తెలుగులో విచారం అంటే దుఃఖం. విచారణ అంటే న్యాయస్థానమో, పోలీసులో, అధికారులో చేసేది. తమిళంలో ‘విసారణై’కి ఈ అర్థం ఉంటూనే, ‘విసారిత్తదాగ సొల్లుంగళ్’ అన్నప్పుడు అదే మాట ‘అడిగామని చెప్పండి’ అనే ఆత్మీయమైన పలకరింపు అవుతుంది. ఆ రెండో పనికి తెలుగువాళ్లం వేరే మాట పెట్టుకున్నాం: పరామర్శ. కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి పలకరించడం పరామర్శ. ఒక గ్రంథాన్ని శ్రద్ధగా పరిశీలించడమూ పరామర్శే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మంసాపురం, రాజపాళయం విద్యార్థులకు ఈ తేడా వ్యాకరణ పాఠంగా కాక అనుభవంగానే తెలుసు.

దేశం విడిచి వచ్చినవారికీ, చిత్రహింసలకు గురై బతికి బయటపడినవారికీ అండగా నిలిచే సామాజిక సేవ ఈ రెండు పనుల మధ్యనే నడుస్తుంది. ఆ సేవ చేసేవాళ్లు కూడా ప్రశ్నలు అడగక తప్పదు. అయితే ఆ ప్రశ్న విచారణగా వినిపిస్తుందా, పరామర్శగా వినిపిస్తుందా అన్నదే ప్రధానం. ఈ విషయాన్ని మూడు తమిళ రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’, ఎం. చంద్రకుమార్ ‘లాకప్’, శోభాశక్తి ‘గొరిల్లా’. తెలుగు శాఖ పత్రికలో తమిళ రచనల చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మొదటి నవలలో పారిపోయి వచ్చినవాళ్లు తెలుగువాళ్లు. రెండోదానిలో కొట్టే చేతుల భాష తెలుగు. మూడోది ఈనాడు మన పొరుగునే ఉంటున్నవారి కథ. ఈ మూడింటినీ తప్పించుకొని దక్షిణాది తెలుగు పాఠకుడు తన చరిత్రను పూర్తిగా చదువుకోలేడని మా అభిప్రాయం.

మాటల వెనుక మనుషులు

ముందుగా పేర్లను చూద్దాం. తెలుగులో దేశం విడిచి పారిపోయి వచ్చినవాడిని ‘కాందిశీకుడు’ అంటాం. ‘ఏ దిక్కుకు పోదును’ అనే అర్థమిచ్చే సంస్కృత పదబంధం నుంచి ఆ మాట పుట్టిందని పండితులు చెబుతారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ‘శరణార్థి’కి అర్థం ఆశ్రయం కోరినవాడు. తమిళులు ‘అగది’ అన్నారు. అది గతి లేనివాడనే సంస్కృత పదమే. అచ్చ తమిళం కోరేవాళ్లు ‘ఏదిలి’ అన్నారు, ఏమీ లేనివాడని. నాలుగు మాటల్లోనూ నాలుగు చూపులున్నాయి. కాందిశీకుడన్న మాటలో భయమూ పరుగూ కనిపిస్తాయి. శరణార్థి అన్న మాటలో చేయి చాపడం కనిపిస్తుంది. అగది, ఏదిలి అన్నవి ఆ మనిషిలో లేనిదాన్ని మాత్రమే లెక్కపెడతాయి. వీటిలో ఏ మాటా ఆ మనిషి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నదేమిటో చెప్పదు. అతడు తెచ్చుకున్నదాంట్లో మొట్టమొదటిది అతని కథ.

1983 జూలై అల్లర్ల తరువాత సముద్రం దాటి తమిళనాడుకు వచ్చిన శ్రీలంక తమిళుల సంఖ్య 3 లక్షలు దాటింది. వారిలో చాలామంది తిరిగి వెళ్లారు, కొందరు ఇతర దేశాలకు చేరారు. 2021 ఆగస్టులో రాష్ట్ర శాసనసభకు తెలిపిన లెక్క ప్రకారం సుమారు 58 వేలమంది నూరుకు పైబడిన శిబిరాల్లో ఉన్నారు. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం ప్రాంతపు మొట్టమలై శిబిరం అలాంటిదే. మంసాపురం విద్యార్థికి అది దూరదేశపు వార్త కాదు. ఆ సంవత్సరమే ప్రభుత్వం వీటిని ‘శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలు’గా పేరు మార్చింది. వాళ్లు అనాథలు కారనీ, తాము అండగా ఉన్నామనీ ముఖ్యమంత్రి అప్పుడు చెప్పిన కారణం. ఇది ఆహ్వానించదగిన మార్పే. అయితే శరణార్థుల హోదాను గుర్తించే 1951 అంతర్జాతీయ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. అందుకని వారికి దొరికే సాయం హక్కుగా కాక ప్రభుత్వ దయగానే వస్తూ వచ్చింది. దయ మీద బతికే మనిషి తన కథను ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అని ప్రతిసారీ లెక్క చూసుకోవలసి వస్తుంది.

అవ్వ చెప్పిన కథ

‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడింది. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామంలో పుట్టి, తెలుగు మాట్లాడే కుటుంబంలో పెరిగిన రాజనారాయణన్ కరిసల్ నేల, అంటే నల్లరేగడి సీమ మనుషులను తమిళ సాహిత్యంలోకి తెచ్చారు. దీని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన 2021 మేలో పుదుచ్చేరిలో కన్నుమూశారు.

నవలలో నూరేళ్లు పైబడిన మంగతాయారు అనే అవ్వ తమ పూర్వులు తెలుగునేల విడిచి ఎలా వచ్చారో ఇంటివారికి చెబుతుంది. చెన్నాదేవి అనే అందగత్తెపై ఒక తురక ప్రభువు కన్నుపడటం, బంధువర్గమంతా రాత్రికి రాత్రి బయలుదేరడం, వెనక గుర్రాలు తరుముకు రావడం, దక్షిణాన అడవి కొట్టి ఊరు నిలుపుకోవడం ఈ కథలోని ప్రధాన ఘట్టాలు. ఏటి ఒడ్డున దారి లేక నిలిచిపోయినవారికి చెట్టు వంగి వంతెన అయిందనే గాథ ఈ సీమ తెలుగు కులాల్లో పలు రూపాల్లో ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాల్లో తొట్టియ నాయకుల విషయంలో కానుగ చెట్లు ఇలా వంగినట్టు నమోదు చేశాడు.

ఈ కథను చరిత్రగా తీసుకోవాలా అన్న ప్రశ్న మన తరగతుల్లో తరచు వస్తుంది. చరిత్ర మరింత చిక్కుగా ఉంది. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టిన నాటి నుంచి తెలుగువారిలో చాలామంది సైనికులుగా, పాలెగాళ్లుగా, సాగుదారులుగా ఈ సీమకు వచ్చారు. అధికారం వెంట వచ్చినవారూ ఉన్నారు, ప్రాణభయంతో వచ్చినవారూ ఉన్నారు. కాలక్రమంలో జాతి జ్ఞాపకం రెండో కథనే ఎక్కువగా దాచుకుంది. ఇందులోని తురక ప్రభువును చూపి ఈనాటి పొరుగు ముస్లిం మీద కక్ష పెంచుకోవడం ఆ కథను తప్పుగా చదవడమే. కథ కేంద్రంలో మతవైరం లేదు. ఎదురు నిలవలేని కుటుంబం బిడ్డను కాపాడుకోవాలని పరుగెత్తడం ఉంది.

చెట్టు వంగిందన్న మాటను ఏ అధికారీ సాక్ష్యంగా రాసుకోడు. కాని అవ్వ చుట్టూ కూర్చున్నవాళ్లు ‘ఏ చెట్టు? ఏ తేదీన?’ అని అడగరు. ఆ వాక్యంలో ఉన్నది భౌగోళిక సమాచారం కాదని వాళ్లకు తెలుసు. మనుషులంతా చేయి విడిచిన వేళ ఏదో ఒకటి చేయి అందించిందనే అనుభవాన్ని ఆ చెట్టు మోస్తోంది. అవ్వకు ఇంతటి స్వేచ్ఛ ఎక్కడిది? ఆమె వింటున్నవారి దయ మీద బతకడం లేదు. ఆమె కింద సొంత నేల ఉంది, ముందు సొంత మనుమలున్నారు, వెనుక కొన్ని తరాల కాలం గడిచింది. భద్రత కుదిరిన తరువాతే ఆ కథ కథగా మారింది. ఈ ఒక్క సంగతిని సామాజిక కార్యకర్త నవల నుంచి నేర్చుకున్నా చాలు.

అయితే మెచ్చుకోలుతో ఆగిపోతే అది విమర్శ కాదు. కథ చెబుతున్నది చెన్నాదేవి కాదు. ఎవరి కోసం అందరూ పరుగెత్తారో ఆ పిల్ల ఏమనుకుందో మనకు ఆమె నోట వినబడదు. గౌరవం కాపాడామన్న వంశగర్వం కింద ఆమె భయం కనిపించకుండా పోతుంది. అలాగే ఇది నేల సంపాదించుకున్న కులపు జ్ఞాపకం. ఈ సీమలోనే తెలుగు మాట్లాడే అరుంధతీయులు వలసనూ వెట్టినీ రెండింటినీ మోశారు. వారి అవ్వ చెప్పే కథ ఇంకో నవల కావలసి ఉంది.

మరొక ఘట్టాన్ని ఇక్కడ తప్పక ప్రస్తావించాలి. నగల కోసం ఒక స్త్రీని నీట ముంచి చంపినవాడు ఆ ఊరికి పట్టుబడతాడు. ఊరివాళ్లు అతడిని కొరత వేస్తారు. ఒకనాడు హింసకు తాళలేక పరుగెత్తి వచ్చినవారి వారసులు మరొకరి శరీరంపై చిత్రవధను తీర్పుగా అమలు చేస్తారు. రాజనారాయణన్ దీనిని దాచలేదు, సమర్థించనూ లేదు. ఊరి జ్ఞాపకాల్లో ఒకటిగా చెప్పుకుపోయారు. బాధ పడినంత మాత్రాన మనుషులు మంచివాళ్లయిపోరన్న చేదు నిజం అందులో ఉంది. బాధితులను దేవతలుగా ఊహించుకొని సేవకు దిగేవారు మొదట చదవవలసిన ఘట్టం ఇదే.

గుంటూరు స్టేషనులో తెలుగు

రెండో పుస్తకం మనకు ఇబ్బంది కలిగించేది. కోయంబత్తూరులో ఆటో నడిపే చంద్రకుమార్ కుర్రతనంలో ఇల్లు విడిచి గుంటూరు చేరి అక్కడ పనిలో కుదిరారు. 1983లో ఒక దొంగతనం కేసులో ఆయననూ తోటివారినీ పోలీసులు పట్టుకున్నారు. చేయని నేరం ఒప్పుకోమని లాకప్పులో రోజుల తరబడి కొట్టారు. ఆ తరువాత నెలల పాటు జైలు. ఈ అనుభవాన్ని ఆయన ‘లాకప్’ పేరుతో రాయగా 2006లో పుస్తకంగా వచ్చింది. దాని ఉపశీర్షికకు ‘ఒక సామాన్యుడి గమనికలు’ అని అర్థం. దీని ఆధారంగా వెట్రిమారన్ 2015లో ‘విసారణై’ చిత్రం తీశారు. అది వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది, జాతీయ పురస్కారాలు పొందింది, ఆస్కార్‌కు భారతదేశపు అధికారిక ఎంపిక అయింది.

‘గమనికలు’ అన్న పేరు ఈ రచన స్వభావాన్ని సరిగ్గా చెబుతుంది. ఇందులో వంగే చెట్లు లేవు. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఎక్కడ కొట్టారు అన్న క్రమం ఉంది. సంఘటనకూ రచనకూ మధ్య రెండు దశాబ్దాలకు పైగా గడిచినా, రచయిత జ్ఞాపకానికి అలంకారం తొడగలేదు. మంగతాయారుకు ఉన్న శ్రోతలు ఈయనకు లేరు. స్టేషనులో ఆయన నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. ఒకసారి నమ్మకం పొందలేని మనిషి మళ్లీ చెప్పేటప్పుడు ప్రతి వాక్యానికీ కాపలా పెట్టుకుంటాడు. ఈ పుస్తకపు పొడి వచనాన్ని మేము శైలీలోపంగా చూడడం లేదు. గాయం తాలూకు వ్యాకరణంగా చూస్తున్నాం.

చిత్రంలో భాష మరింత స్పష్టంగా కథాంశమవుతుంది. పోలీసులు తెలుగులో అరుస్తారు, పట్టుబడినవాళ్లు తమిళంలో వేడుకుంటారు. మన ఇంట్లో జోలపాటకూ పెళ్లిపాటకూ వాడే భాష అక్కడ లాఠీతో కలిసి వినబడుతుంది. తెలుగు తెలిసిన తమిళనాటి పాఠకుడే ఆ రెండు గొంతులనూ సమానంగా అర్థం చేసుకోగలడు. కనుక ఈ బాధ అతనికి రెండింతలు. దీనికి నొచ్చుకొని ‘ఆంధ్రులను చెడ్డగా చూపారు’ అనడం తేలికే. కాని అదే చిత్రపు రెండో సగం తమిళనాడు పోలీసు స్టేషనులో జరుగుతుంది. అక్కడ భాష ఒకటే అయినా హింస తగ్గదు. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకుల లాకప్ మరణాలు ఈ మాట సినిమాకే పరిమితం కాదని చూపాయి. హింసకు మాతృభాష లేదు. అయితే భాష తెలియనివాడి మీద దానికి అడ్డు తక్కువ.

గుంటూరు కోర్టు దృశ్యాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలి. నిందితుల మాట న్యాయమూర్తికి అర్థం కాదు. వేరే పని మీద వచ్చిన తమిళనాడు పోలీసు అధికారి ఒకరు వారి మాటలను అనువదిస్తాడు. అప్పుడే వాళ్లు విడుదలవుతారు. నిజం అంతకుముందూ అదే. దానిని మోసుకువెళ్లే దుబాసీ దొరకడమే కొత్త. కాని ఆ దుబాసీ స్వతంత్రుడు కాడు. అతడి వెంట వెళ్లిన ఆ కుర్రాళ్లు మరో వలలో చిక్కుకుంటారు. ఈ భాగం పుస్తకంలోది కాదు, చిత్రం కోసం చేర్చినది. సాక్ష్యం కొంతమేరకు ఉత్కంఠ కథగా మారిందన్న ఆక్షేపణకు ఇక్కడ అవకాశముంది. అయినా అనువదించేవాడు ఎవరి మనిషి అన్న ప్రశ్నను ఇంత సూటిగా వేసిన చిత్రం మరొకటి మా దృష్టికి రాలేదు.

అర్జీలో ఇమడని బతుకు

మూడో రచన ‘గొరిల్లా’ 2001లో వచ్చింది. రచయిత శోభాశక్తి యుక్తవయసు రాకముందే ఈలం సాయుధ ఉద్యమంలో చేరి, దాని నుంచి బయటపడి, చివరకు ఫ్రాన్సులో ఆశ్రయం పొందారు. ‘దీపన్’ చిత్రంలో ప్రధాన పాత్ర పోషించినదీ ఆయనే. 2015 కాన్ ఉత్సవంలో ఆ చిత్రానికి అత్యున్నత పురస్కారం దక్కింది.

నవల ఆరంభంలో ఒక శరణార్థి ఫ్రాన్సు ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీ ఉంటుంది. తనకు ఆశ్రయం ఎందుకు ఇవ్వాలో అతడు అధికారి భాషలో చెప్పుకుంటాడు. ఆ తరువాత నడిచే నవలంతా ఆ అర్జీలో ఇమడని బతుకు. రౌడీగా పేరుపడి ‘గొరిల్లా’ అనిపించుకున్న తండ్రి, ఆ పేరునే వారసత్వంగా మోసే కొడుకు, అతడు నమ్మి చేరిన ఉద్యమం, ఆ ఉద్యమమే విధించే శిక్షలు ఇందులో వస్తాయి. అర్జీకి ఒక బాధితుడూ ఒక పీడకుడూ కావాలి. బతుకులో ఒకే మనిషి తుపాకి పట్టినవాడూ తుపాకికి భయపడినవాడూ కావచ్చు. ఈ విషయం చెబితే ఆశ్రయం పోతుంది, చెప్పకపోతే నిజం పోతుంది. శోభాశక్తి గడుసుదనమంతా ఈ ఇరుకును హాస్యంగా మలచడంలో ఉంది. ఆ హాస్యం కొన్నిచోట్ల మరీ కరుకుగా ఉండి, స్త్రీ పాత్రలకు తగినంత చోటు మిగల్చలేదన్న లోపమూ ఉంది.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అవ్వ మనుమలకు చెప్పింది. అది గాథ అయింది. చంద్రకుమార్ నమ్మని లోకానికి చెప్పారు, అవి గమనికలయ్యాయి. శోభాశక్తి పాత్ర అధికారికి చెప్పింది. అది అర్జీ అయింది. అనుభవం ఎంత బలమైనదైనా, అది ఏ రూపం తీసుకోవాలో నిర్ణయించేది వినేవాడే. మన అలంకారికులు సహృదయుడికి కావ్యంలో అంత పెద్ద పీట వేయడం ఇక్కడ మరో వెలుగులో అర్థమవుతుంది.

సేవారంగం ఏం నేర్చుకుంది?

చిత్రహింస నుంచి బతికినవారికి చికిత్స అనే ఆలోచన సంస్థారూపం తీసుకొని ఎంతో కాలం కాలేదు. డెన్మార్క్ వైద్యురాలు ఇంగే గెనెఫ్కే 1982లో కోపెన్‌హేగన్‌లో ఒక కేంద్రాన్ని నెలకొల్పారు. రెండో ప్రపంచయుద్ధానంతరం బెర్గెన్–బెల్సెన్ శిబిరంలో బతికి మిగిలినవారి మధ్య పనిచేసిన హెలెన్ బాంబర్ 1985లో లండన్‌లో మరొకటి ప్రారంభించారు. తమిళనాట 1984లో ఎస్.సి. చంద్రహాసన్ ఆధ్వర్యంలో ఏర్పడిన ఈలం శరణార్థుల పునరావాస సంస్థ వేరే దారి పట్టింది. శరణార్థులకు సేవ చేసేవారిని బయటి నుంచి తేవడం కన్నా శరణార్థులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. యాళ్ప్పాణంలో మనోవైద్యుడు దయా సోమసుందరం 1993లో ఊరి స్థాయి కార్యకర్తల కోసం ‘మన వడు’ అనే తమిళ పుస్తకాన్ని వెలువరించారు. ‘వడు’ అంటే మానిన గాయపు మచ్చ. పుండు అనకుండా మచ్చ అనడంలోనే ఒక వైద్యదృష్టి ఉంది. పుండు మానుతుంది, మచ్చ ఉంటుంది. మచ్చతో బతకడం నేర్చుకోవచ్చు.

ఈ అనుభవాల నుంచి తేలిన కొన్ని సూత్రాలు మన మూడు రచనలకూ సరిపోవడం గమనార్హం. మొదటిది, కథ అడిగేముందు నీడ కావాలి. తిండి, నిద్ర, వైద్యం, పిల్లల చదువు, రేపటి మీద కొంత నమ్మకం కుదరకముందే ‘ఏం జరిగిందో మొత్తం చెప్పండి’ అనడం రెండో లాకప్పు. రెండోది, చెప్పడమూ మానడమూ బాధితుడి చేతిలో ఉండాలి. హింసించేవాడు ముందుగా లాక్కునేది ఈ అదుపునే. మాట్లాడాల్సిన వేళ నోరు నొక్కుతాడు, మౌనంగా ఉండాలనుకున్న వేళ నోరు తెరిపిస్తాడు. సేవ ఆ అదుపును తిరిగి ఇవ్వాలి. మూడోది, కథలో పొంతన కుదరనంత మాత్రాన అబద్ధం కాదు. చిత్రహింస ఆనవాళ్లను ఎలా నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ నియమావళి 1999లో రూపొంది 2022లో సవరణ పొందింది. జ్ఞాపకంలోని తడబాటు హింస ఫలితమే కావచ్చని అది స్పష్టం చేస్తుంది.

నమ్మకపోవడం ఎంత పని చేస్తుందో తెలుగువారికి చెప్పనవసరం లేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద ముస్లిం స్త్రీ అత్యాచారానికి గురైంది, ఆమె భర్త దెబ్బలకు మరణించాడు. ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. అయినా విచారణ పొడుగునా బోనెక్కింది ఆమె శీలమే. 1981లో రాయచూరు న్యాయస్థానం నిందితులను విడిచిపెట్టింది. విచారణ బాధితురాలి మీదికే తిరిగినప్పుడు పరామర్శకు చోటు ఎక్కడుంటుంది?

నాలుగో సూత్రం సాహిత్య విద్యార్థులకు మరీ దగ్గరిది. చిలీ సైనిక పాలనలో బాధితులతో పనిచేసిన మనోవైద్యులు సాక్ష్య కథనాన్నే చికిత్సగా మలచి, ఆ పద్ధతిని 1983లో వివరించారు. బాధితుడు చెబుతాడు, కార్యకర్త రాస్తాడు, ఇద్దరూ కూర్చొని దిద్దుతారు, చివరకు ఆ పత్రం చెప్పినవాడి సొత్తవుతుంది. వారణాసిలోని ఒక మానవ హక్కుల సంస్థ డెన్మార్క్ నిపుణులతో కలిసి దీనిని మన దేశానికి తగినట్టు మార్చింది. ఆ కథనాన్ని బాధితుడి ఊరివారి ఎదుట గౌరవంగా చదివి వినిపించడం అందులో చేరింది. ఇది చంద్రకుమార్ గమనికలను మంగతాయారు అరుగు మీదికి తేవడమే. నమ్మని లోకానికి రాసిన మాటకు నమ్మే శ్రోతలను కూర్చడమే.

అయితే ఈ పద్ధతిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. గొరిల్లా కొడుకు వంటివాడు ఊరి ఎదుట ఏది చదివించుకోగలడు? తాను చేసినదీ తనకు జరిగినదీ కలగలిసినప్పుడు బహిరంగ గౌరవం కొత్త భయం కావచ్చు. అతనికి కావలసింది సభ కాకపోవచ్చు. ఒక గది, ఒక మనిషి, బయటికి పొక్కదన్న మాట చాలు. ఏ రూపం ఎవరికి తగునో తెలుసుకోవడం సాహిత్యంలో ఔచిత్యం, సేవలో వివేకం.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై భారతదేశం 1997లో సంతకం చేసింది కాని ధ్రువీకరించలేదు. ప్రత్యేక చట్టం కావాలని 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో సిఫార్సు చేసింది. అటువంటి చట్టం ఇంకా రాలేదు. కనుక సేవ చేసేవారు గాయాన్ని తాకుతూనే గాయం చేసే వ్యవస్థ గురించీ మాట్లాడక తప్పదు. మధురలో 1995 నుంచి పనిచేస్తున్న పీపుల్స్ వాచ్ వంటి సంస్థలు ఈ రెండు పనులూ కలిపి చేయడానికి కారణం ఇదే.

మన వంతు

దక్షిణాది తెలుగు విద్యార్థికి ‘నీ తెలుగు ఎందుకు పనికొస్తుంది?’ అన్న ప్రశ్న కొత్త కాదు. ఉద్యోగం గురించి అడిగే ఆ ప్రశ్నకు పూర్తి జవాబు మా దగ్గర లేదు. అయితే ఈ మూడు పుస్తకాలు ఒక జవాబు ఇస్తున్నాయి. రెండు భాషలు నోటికి వచ్చినవాడు ఏదో ఒకరోజు ఇద్దరి మధ్య నిలబడవలసి వస్తుంది. తెలుగు జిల్లాలకు పనికి వెళ్లిన తమిళ కూలీకి, తమిళనాట మిల్లులో చిక్కుకున్న తెలుగు పిల్లకు, ఆసుపత్రిలోనో కోర్టులోనో ఒక గొంతు కావాలి. ఆ గొంతు బాధితుడి బంధువుదీ కాకూడదు, అధికారి మనిషిదీ కాకూడదు. విన్నది కలపకుండా, తగ్గించకుండా, సిగ్గుపడి మెత్తబరచకుండా అవతలికి చేర్చాలి. అనువాద పాఠంలో మనం మార్కుల కోసం నేర్చుకునే నియమాలే ఇవి; అక్కడ వాటి మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడి ఉంటుంది.

ఇక పొరుగు శిబిరం విషయం. పరిశోధన పేరుతో, ప్రాజెక్టు పేరుతో నోటుపుస్తకం పట్టుకొని వెళ్లి ‘పడవలో ఎలా వచ్చారు?’ అని అడగడం మన విద్యార్థులకు తేలిగ్గా తోచవచ్చు. ఆ ప్రశ్నను వాళ్లు ఎన్నో బల్లల ముందు ఎన్నోసార్లు విన్నారు. అక్కడి యువతలో చాలామంది ఇక్కడే పుట్టినవారు. పడవ వారి జ్ఞాపకం కూడా కాదు. వారికి చదువు, పని, పౌరసత్వం నేటి సమస్యలు. వెళ్లేవారు ముందు ఆ సమస్యలకు పనికొచ్చేదేమైనా చేతిలో పట్టుకొని వెళ్లాలి. ఒక దరఖాస్తు నింపిపెట్టడం, ఒక పిల్లకు పాఠం చెప్పడం వంటి చిన్న పనులు పెద్ద ప్రశ్నల కన్నా ముందు రావాలి. కథ వస్తే వస్తుంది. రాకపోతే అడగకుండా ఉండటమూ పరామర్శలో భాగమే.

కానుగ చెట్టు వంగిందని చెప్పుకొని ఈ సీమలో మన పూర్వులు కొన్ని వందల ఏళ్లు తలెత్తుకు బతికారు. ఆ మాటను ఈ నేల ప్రశ్నించకుండా విన్నది. ‘గోపల్ల గ్రామం’ను మన కథగా చెప్పుకొనే హక్కు ఉన్నంతగా, ‘లాకప్’ను మన భాషలో జరిగిన తప్పుగా చదివే బాధ్యతా మనకు ఉంది. ఈ రెండింటినీ ఒకే చేతిలో పట్టుకోగలిగిన పాఠకుడే ‘గొరిల్లా’లోని అర్జీని అధికారిలా కాకుండా చదవగలడు. మన తరగతి గదుల్లో తయారు కావలసింది అటువంటి పాఠకులేనని విద్యార్థులకు మనవి.